డిపాజిట్ గల్లంతయ్యాక ఏం మిగులుతుంది? ఇండిపెండెంటు అభ్యర్థుల ముందు ఒక ప్రసంగం

అందరికీ నమస్కారమండి. వెనకాల వాళ్లకి వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

మీలో కొందరు ఇప్పటికే పార్లమెంటుకి ఇండిపెండెంటుగా నిలబడి వచ్చినవాళ్లు. మిగతావాళ్లు వచ్చేసారి నిలబడదామనుకుంటున్నారు. అమలాపురం, నరసాపురం, రాజమండ్రి, కాకినాడ, ఏలూరు, మన డెల్టాని పంచుకున్న సీట్లు ఇవి. ఎందుకు నిలబడాలన్నది నేను మాట్లాడను. అది మీ ఇష్టం, మీ ఇంట్లోవాళ్ల ఓపిక. రెండోసారి, మూడోసారి నిలబడే మనిషి మొదటిసారి కంటే ఎక్కడ మెరుగ్గా ఉండాలో, ఎక్కడ ఉండలేకపోతున్నాడో, అంతవరకే చెబుతాను.

చట్టం ఇండిపెండెంటుకి ప్రతి ఎన్నికకీ పలక తుడిచేస్తుందండి. పోయినసారి గుర్తు ఈసారి మీది కాదు. బ్యాలెట్‌లో వరస మారిపోతుంది. డిపాజిట్ ఎలాగూ తిరిగి రాలేదు. తుడవనివి రెండే ఉన్నాయి. ఒకటి ఫారం 20, అంటే బూత్ వారీ ఓట్ల పట్టిక. రెండోది మీ ఖర్చుల లెక్క. మొదటిది మీకు ఆస్తి, దాన్ని ఎవరూ తెరిచి చూడరు. రెండోది బాకీ, దాన్ని ఎవరూ తీర్చరు. ఈ పూట మాట్లాడేదంతా ఈ రెండింటి చుట్టూనే.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. 1952 మొదటి లోక్‌సభకి 37 మంది ఇండిపెండెంట్లు గెలిచారు. విశాఖపట్నం నుంచి లంకా సుందరం గెలిచింది అలాగే. విజయవాడ నుంచి హరీంద్రనాథ్ చటోపాధ్యాయ కూడా ఇండిపెండెంటే. కాకపోతే ఆయన వెనక కమ్యూనిస్టుల మద్దతు ఉంది, అది మర్చిపోకూడదు. 1957లో ఈ సంఖ్య 42కి పెరిగింది. ఆ తర్వాత నిలబడేవాళ్లు పెరిగారు, గెలిచేవాళ్లు తగ్గారు. 1996లో నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్ల సమస్య ఢిల్లీకి వినబడాలని జనం పోటీపడి నామినేషన్లు వేస్తే ఒక్క సీటుకి 480 మంది తేలారు. బ్యాలెట్ పేపరు పుస్తకం అయి కూర్చుంది. ఆ ఏడాదే చట్టం మారింది. లోక్‌సభకి డిపాజిట్ 500 నుంచి 10,000 అయింది. ఇండిపెండెంటు నామినేషన్ మీద సంతకం పెట్టడానికి ఒక ప్రతిపాదకుడి బదులు పదిమంది కావాలన్నారు. రెండు సీట్లకి మించి నిలబడకూడదన్నారు. ఇంకో మార్పు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒకప్పుడు ఏ అభ్యర్థి చనిపోయినా పోలింగ్ ఆగేది. ఇప్పుడు గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థి పోతేనే ఆగుతుంది, ఇండిపెండెంటు పోతే ఆగదు. ఆలోచిస్తే ఇది మన ప్రాణానికి మంచిదే లెండి. (నవ్వులు) పోలింగ్ ఆపించడం కోసం ఇండిపెండెంటు జోలికి వచ్చే అవసరం ఎవరికీ లేకుండా పోయింది. 2010 నుంచి డిపాజిట్ 25,000, ఎస్సీ ఎస్టీలకి 12,500.

అయినా జనం ఆగారా అంటే లేదు. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు నిలబడితే 185 మంది పోటీలో ఉన్నారు. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టారు. అది నిరసన. నిరసన ఒకసారి చేస్తే వార్త, రెండోసారి చేస్తే ఎవరూ రాయరు. తమిళనాడు మేట్టూరు పద్మరాజన్ 1988 నుంచి 200కి పైగా ఎన్నికల్లో నిలబడ్డారు. ఓడిపోవడమే ఆయన లెక్క, ఆయన దాచిపెట్టడు కూడా. మీ ఉద్దేశం ఆయనది కాకపోతే మీరు చూడాల్సింది డామన్ డయ్యూ వైపు. ఉమేష్ పటేల్ 2019లో ఇండిపెండెంటుగా ఓడి, 2024లో ఇండిపెండెంటుగానే గెలిచారు. ఆ ఏడాది దేశమంతా గెలిచిన ఇండిపెండెంట్లు ఏడుగురే. కానీ డామన్ డయ్యూ ఓటర్లంతా కలిపినా లక్షన్నరకి లోపు. మన దగ్గర ఒక్కో పార్లమెంటు సీటుకి పదిహేను లక్షలు అటూ ఇటూ. ఆయన చేసిన పని మీరు ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలో చెయ్యాలి.

ఇక నామినేషన్. ఫారం 2ఏ. ఇందులో మొదటి భాగం గుర్తింపు పొందిన పార్టీలవాళ్లది, మీరు దాని జోలికి పోకండి. మీది రెండో భాగం, పదిమంది ప్రతిపాదకులది. ఈ పదిమందీ అదే పార్లమెంటు నియోజకవర్గంలో ఓటర్లై ఉండాలి. అభ్యర్థి ఓటు మాత్రం దేశంలో ఎక్కడున్నా ఫరవాలేదు, వేరే చోట ఉంటే ఓటర్ల జాబితా ధ్రువీకృత నకలు జతచెయ్యాలి. మన డెల్టాలో తప్పు జరిగేది సరిగ్గా ప్రతిపాదకుల దగ్గరే. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి అవతల దిగితే మీరు నరసాపురం నియోజకవర్గంలో ఉన్నట్టు. చుట్టరికాలకి గోదావరి అడ్డం కాదు, ఓటుకి అడ్డమే. బావమరిది సంతకం పెట్టాడు గదా అనుకుంటే అతని ఓటు అవతలి గట్టున ఉంటుంది. యానాం సంగతి ఇంకా చిత్రం. చుట్టూరా మన జిల్లాలే, మాట మనదే, ఓటు మాత్రం పుదుచ్చేరి లోక్‌సభ సీటుకి. యానాం ఓటరు ఒక్కడు మీ పదిమందిలో ఉన్నాడంటే మీకు తొమ్మిదిమందే ఉన్నట్టు లెక్క. ఆ నామినేషన్ సెట్టు పోయినట్టే.

ప్రతి ప్రతిపాదకుడికీ ఓటర్ల జాబితాలో భాగం నంబరు, వరస నంబరు రాయాలి. పాత జాబితా చూసి రాయకండి, ప్రతి సవరణకీ వరస నంబర్లు జరుగుతాయి. నంబరు పొరపాటైతే అది చిల్లర తప్పు, దాని మీద తిరస్కరించకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టం 36వ సెక్షన్‌లోనే ఉంది. మనిషే ఓటరు కాకపోతే చిల్లర తప్పు కాదు. వేలిముద్ర వేసేవాళ్లని వీలైనంత వరకు పెట్టుకోకండి. ఆ ముద్ర రిటర్నింగ్ అధికారి ముందో, నిర్ణయించిన అధికారి ముందో వెయ్యాలి, ఇంట్లో వేయించి తెస్తే చెల్లదు. ఒక నియోజకవర్గానికి నాలుగు సెట్ల వరకు వెయ్యొచ్చు, డిపాజిట్ మాత్రం ఒక్కసారే. కనీసం రెండు సెట్లు, రెండింటికీ వేరువేరు పదిమందితో వెయ్యండి. మొదటి సెట్టులో ఒకడు తేడా వచ్చినా రెండోది నిలబెడుతుంది.

డిపాజిట్‌కి చెక్కు పనికిరాదు. నగదు కట్టాలి, లేదా ట్రెజరీ చలానా తేవాలి. వార్తలో పడాలని 25,000కి రూపాయి బిళ్లలు మూటగట్టుకుని వచ్చేవాళ్లుంటారు. సరదా బాగానే ఉంటుంది గానీ ఆఖరి రోజు మధ్యాహ్నం మాత్రం తేకండి. మూడింటికి గడువు, లెక్కపెట్టేవాళ్లకి కూడా చేతులు రెండే.

అఫిడవిట్ ఫారం 26. ఇక్కడ నిదానంగా వినండి. 2013లో సుప్రీంకోర్టు చెప్పింది, గడి ఖాళీగా వదిలితే అఫిడవిట్ ఇవ్వనట్టే అని. రిటర్నింగ్ అధికారి నోటీసు ఇచ్చి అవకాశమిస్తాడు, పరిశీలన మొదలయ్యేలోపు సరైనది పెట్టకపోతే తిరస్కరిస్తాడు. కాబట్టి ఏ గడిలోనూ గీత గీసి వదలొద్దు. "లేదు" అనో "వర్తించదు" అనో అక్షరాలా రాయండి. భార్య పేరున, మీ మీద ఆధారపడ్డవాళ్ల పేరున ఉన్నవి కూడా రాయాలి. అయిదేళ్ల ఆదాయపు పన్ను వివరాలు అడుగుతారు. పాన్ లేకపోతే లేదని రాయాలి. మీ ఫేస్‌బుక్, ఎక్స్ ఖాతాలు కూడా అందులోకే వస్తాయి. మొన్నటిసారి అఫిడవిట్‌కి తేదీ మార్చి మళ్లీ పెడదామనుకునేవాళ్లకి ఒక మాట. పాతది ఎన్నికల సంఘం సైట్‌లో అందరికీ కనబడుతూనే ఉంటుంది. అప్పుడు మూడు ఎకరాల కొబ్బరితోట ఉండి, ఇప్పుడు అమ్మకుండానే మాయమైతే, పక్క అభ్యర్థి లాయరు రెండూ పక్కపక్కన పెట్టి చదువుతాడు.

కేసులుంటే రాయండి. రోడ్డు మీద ధర్నా చేసినందుకు పెట్టినదైనా కేసు కేసే. దాన్ని ప్రచార సమయంలో మూడుసార్లు పత్రికలోనూ టీవీలోనూ ప్రకటించాలి, ఖర్చు మీదే.

ప్రమాణం. నామినేషన్ వేశాక అక్కడే రిటర్నింగ్ అధికారి ముందు చేసేయండి. పరిశీలన రోజు పొద్దున్న చేద్దాంలే అనుకుంటే కుదరదు, అంతకు ముందు రోజుతోనే గడువు పోతుంది. కాగితాలన్నీ సరిగ్గా ఉండి కేవలం ప్రమాణం మరిచిపోయి రాలిపోవడం కంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

అమలాపురం ఎస్సీ రిజర్వుడు గనుక అడుగుతారు, వేరే రాష్ట్రం వాళ్లు నిలబడొచ్చా అని. లోక్‌సభకైతే ఏ రాష్ట్రపు ఎస్సీ అయినా నిలబడొచ్చు. ఎస్సీ అభ్యర్థి జనరల్ సీటులో నిలబడ్డా డిపాజిట్ సగమే, కుల ధ్రువపత్రం పెట్టాలి.

ఫొటో గురించి ఒక్క ముక్క. రెండు సెంటీమీటర్ల వెడల్పు, రెండున్నర ఎత్తు, తెల్లటి వెనకభాగం, మూడు నెలల లోపు తీసింది. టోపీ, నల్లకళ్లద్దాలు ఉండకూడదు. ఇరవయ్యేళ్ల కిందటి పెళ్లి ఫొటో ఇవ్వకండి. (నవ్వులు) పేరు విషయంలో కూడా జాగ్రత్త. ఊళ్లో మిమ్మల్ని ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరే బ్యాలెట్ మీద ఉండేలా రాతపూర్వకంగా అడగండి. ఒకే పేరువాళ్లు ఇద్దరుంటే ఊరో వృత్తో చేర్చి వేరు చేస్తారు.

బ్యాలెట్‌లో మూడు గుంపులు. మొదట గుర్తింపు ఉన్న పార్టీలు, తర్వాత రిజిస్టరై గుర్తింపు లేనివి, చివర మనం. ప్రతి గుంపులోనూ అక్షర క్రమం. ఒక యూనిట్‌లో 16 గడులు, నోటా ఒకటి తీసేస్తే 15 మంది. పదహారో మనిషి వచ్చాడంటే రెండో యూనిట్ వస్తుంది. అందులో పడేది దాదాపుగా ఇండిపెండెంటే. అప్పుడు మీ కరపత్రం మీద పేరు, గుర్తు చాలవు, "రెండో పెట్టెలో ఫలానా నంబరు" అని కూడా వెయ్యాలి. మనకి అసెంబ్లీ, పార్లమెంటు ఒకేరోజు వస్తాయి. పార్లమెంటుది తెల్ల కాగితం, అసెంబ్లీది గులాబీ. తెల్లది మీదని చెప్పకుండా గుర్తొక్కటే చెబితే ఓటరు గులాబీ పెట్టె మీద వెతుకుతాడు.

గుర్తు సంగతి. ఖాళీ గుర్తుల జాబితాలోంచి మూడు, ఇష్టాన్ని బట్టి వరసగా రాయాలి. ఒకే గుర్తు ఇద్దరు ఇండిపెండెంట్లు అడిగితే చీటీలు వేస్తారు. అదే నియోజకవర్గంలో పోయినసారి మీకొచ్చిన గుర్తు మీద మీకు హక్కేమీ లేదు. సిట్టింగ్ సభ్యుడైతే తప్ప ముందువరస దొరకదు. ఇండిపెండెంటు పదేళ్లు పోరాడి జనానికి అలవాటు చేసిన గుర్తు నామినేషన్ల చివరి రోజున వచ్చిన కొత్తవాడికి చీటీలో పోవచ్చు. అందుకని గుర్తు మీద పెట్టుబడి పెట్టకండి, పేరు మీద పెట్టండి. గుర్తు ఎంచుకునేటప్పుడు ఒక్కటే పరీక్ష. నలుపు తెలుపులో, బొటనవేలి గోరంత సైజులో చూడండి, ఏమిటో చెప్పగలగాలి. కొబ్బరితోట గుర్తు జాబితాలో ఉంది, మన కోనసీమవాళ్లు చూడగానే ముచ్చటపడతారు. చిన్నగా అచ్చేస్తే అది ఏవో చెట్లు, అంతే. కుక్కర్, గ్యాస్ సిలిండర్, మంచం, ఆటో ఇలాంటివి నయం. ఇంకోటి, పెద్ద పార్టీ గుర్తుకి పోలినది కోరుకోకండి. 2024లో జనసేన పోటీలో లేనిచోట్ల గాజు గ్లాసు ఇండిపెండెంట్లకి ఇచ్చారని హైకోర్టు దాకా వెళ్లింది గొడవ. పొరపాటున పడ్డ ఓట్లు మీ లెక్కని పాడుచేస్తాయి. ఎలాగో ఇప్పుడే చెబుతాను.

టైము ఎంత ఉంటుందో చూడండి. 2024లో ఏప్రిల్ 29న ఉపసంహరణ, ఆ సాయంత్రం గుర్తు చేతికొచ్చింది. మే 13న పోలింగ్, 11 సాయంత్రం ప్రచారం బంద్. అంటే చేతిలో 12 రోజులు. పార్లమెంటు సీటుకి పదిహేను వందల పైచిలుకు బూత్‌లు. రోజుకి 125 బూత్‌లు తిరిగితే గానీ ఒక్కో బూత్ ఒక్కసారి చూడలేరు. అది జరిగే పని కాదు. మరి ఎక్కడ తిరగాలి? ఇక్కడే ఫారం 20 కావాలి.

ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో సెగ్మెంట్ల వారీగా దొరుకుతుంది. ప్రతి బూత్‌లో ప్రతి అభ్యర్థికీ ఎన్ని ఓట్లో ఉంటుంది. మీకు 4,000 ఓట్లు వచ్చాయనుకోండి. 1,600 బూత్‌లలో సమంగా రెండూ మూడూ పడి ఉంటే, అవి మీ ఓట్లు కావు. వేలు జారినవి, గుర్తు పొరబడ్డవి, పైవాళ్లెవరూ నచ్చక అడుగున నొక్కినవి. వచ్చే ఎన్నికకి అవి మీకు రావు, మీ గడిలో ఎవరుంటే వాళ్లకొస్తాయి. అదే 4,000లో 1,200 ఓట్లు ఒక నలభై బూత్‌లలోనే పడి ఉంటే, బూత్‌కి ముప్పై చొప్పున, అవి మిమ్మల్ని తెలిసి వేసినవి. మిమ్మల్ని చూసినవాళ్లో, మీ సమస్య తమ సమస్య అయినవాళ్లో అక్కడ ఉన్నారు. ఆ నలభైయ్యే మీ ఎన్నిక. మిగతాది బ్యాలెట్.

ఇది ఎలా చెయ్యాలంటే, ప్రతి సెగ్మెంట్ పట్టికనీ ఎక్సెల్‌లోకి ఎక్కించి, మీ ఓట్లని ఆ బూత్‌లో పోలైన మొత్తంతో భాగించండి. అర శాతం లోపు ఉన్నవి పక్కన పెట్టండి. రెండు శాతం దాటినవాటిని మ్యాపు మీద రంగు వెయ్యండి. మండలాల మ్యాపు కాదు, కాలవలూ డ్రెయిన్లూ ఉన్న మ్యాపు. డెల్టాలో సమస్య మండలం గీత చూసుకుని ఆగదు. యనమదుర్రు డ్రెయిన్ కంపు భీమవరం పట్టణం దాటి ఎంత దూరం పోతే అంత దూరం అది ఒకే నియోజకవర్గం అనుకోవాలి. 2011లో కోనసీమ రైతులు ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించినప్పుడు వాళ్లు చెప్పిన కారణాల్లో ముంపు, పూడిపోయిన డ్రెయిన్లు ఉన్నాయి. అలాంటి సమస్య మీద నిలబడ్డ మనిషికి ఓట్లు నీరు నిలిచేచోటల్లా గుంపులుగా కనబడాలి. కనబడలేదంటే మీరు చెప్పింది వాళ్లదాకా చేరలేదు.

ఒక జాగ్రత్త. బూత్ నంబర్లు ఎన్నికకీ ఎన్నికకీ మారతాయి. 2025లో బూత్‌కి ఓటర్ల పరిమితి 1,500 నుంచి 1,200కి తగ్గించారు, చాలా బూత్‌లు విడిపోతాయి. పాత 112ని కొత్త 112తో పోల్చకండి. బడి పేరు, గది, అందులో ఏ వీధులున్నాయో చూసి జతచెయ్యండి. ఓటర్ల జాబితా గుర్తింపు ఉన్న పార్టీల అభ్యర్థులకి ఉచితంగా ఇస్తారు, మనకి ఇవ్వరు. డౌన్‌లోడ్ చేసుకోవాలి, లేదా డబ్బు కట్టి తెచ్చుకోవాలి. ఈ పని ఎన్నికల ఏడాదిలో మొదలుపెడితే ఆలస్యం. ఫలితం వచ్చిన నెలలోనే చేస్తే ఎవరు ఎందుకు వేశారో ఊళ్లో అడిగితే ఇంకా గుర్తుంటుంది.

(సభలో ఒకరు: ఏజెంట్లు లేకుండా ఎలాగండి?)

అన్ని బూత్‌లకీ పెట్టలేరండి, పెట్టాలని చూడొద్దు. మీ నలభై బూత్‌లకి పెట్టండి. ఫారం 10 మీద మీరో మీ ఎన్నికల ఏజెంటో సంతకం. పోలింగ్‌కి గంటన్నర ముందు మాక్ పోల్ జరుగుతుంది, దానికి మీ మనిషి హాజరవ్వాలి. కూర్చునే వరసలో కూడా మనం చివరే. సాయంత్రం ఫారం 17సి కాపీ అడిగి తీసుకోవాలి, అందులో మొత్తం పోలైన ఓట్లు, యంత్రం సీళ్ల నంబర్లు ఉంటాయి. లెక్కింపుకి ఫారం 18, మూడు రోజుల ముందు సాయంత్రం అయిదింటిలోపు ఇవ్వాలి. సెగ్మెంటుకి సాధారణంగా 14 బల్లలు. అంటే ఏడు సెగ్మెంట్లకి వందమంది కావాలి. లేరు కదా. మీ బూత్‌లు ఏ సెగ్మెంట్లలో ఉన్నాయో అక్కడ పెట్టండి చాలు.

ఇక డబ్బు. మన రాష్ట్రంలో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలు. మీలో ఎవరూ దాని దరిదాపులకి వెళ్లరు. పైగా పార్టీ స్టార్ ప్రచారకుల విమాన ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదు, మీరు అద్దెకి తెచ్చిన ఆటో వస్తుంది. నామినేషన్‌కి కనీసం ఒకరోజు ముందు ఎన్నికల కోసమే విడిగా ఖాతా తెరవాలి. ఒకే మనిషికి 10,000 దాటి ఇవ్వాలంటే చెక్కో ఆన్‌లైన్ బదిలీయో, నగదు కాదు. రిజిస్టరులో తెల్ల కాగితాలు రోజువారీ ఖర్చుకి, గులాబీవి నగదుకి, పసుపువి బ్యాంకుకి. ప్రచారంలో మూడుసార్లు తనిఖీకి పట్టుకెళ్లాలి. బండికి పర్మిట్ తీసుకుని వాడకపోతే రాసి వెనక్కి ఇచ్చేయండి, లేకపోతే తిరిగినట్టే ఖర్చు కడతారు. కరపత్రం మీద ప్రెస్సు పేరు, ప్రచురించినవారి పేరు, చిరునామా లేకపోతే అది నేరం.

అసలు ఉచ్చు లెక్కింపు తర్వాత ఉంది. ఫలితం ప్రకటించిన 30 రోజుల్లోపు జిల్లా ఎన్నికల అధికారికి మొత్తం లెక్క ఇవ్వాలి. 2024లో జూన్ 4న ఫలితం, అంటే జూలై 4. అంతకు ముందే, ఫలితం వచ్చిన 26వ రోజున, లెక్కలు సరిచూసే సమావేశం పెడతారు, పిలుపొస్తే వెళ్లండి. ఓడిపోయాక ఇంక లెక్కేమిటి అనుకుంటారు. నేనేమీ ఖర్చు పెట్టలేదు గదా అనుకుంటారు. ఖర్చు సున్నా అయినా ఆ సున్నాని ఫారాల మీద ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే 10ఏ సెక్షన్ కింద మూడేళ్లు అనర్హత. మూడేళ్లే కదా, ఎన్నిక అయిదేళ్లకి గదా అంటారు. ఆ మూడేళ్లు ఫలితం రోజునుంచి కాదండి, ఉత్తర్వు తేదీనుంచి. నోటీసు వచ్చి, గడువు ముగిసి, ఎన్నికల సంఘం ఉత్తర్వు ఇచ్చేసరికి ఏడాదో రెండేళ్లో గడిచిపోతుంది. అక్కణ్ణుంచి మూడేళ్లు లెక్కేసుకోండి, సరిగ్గా వచ్చే నామినేషన్ మీదకి వస్తుంది. డిపాజిట్ పోయినవాళ్ల గురించి అందరూ నవ్వుకుంటారు గానీ, రెండోసారి నిలబడాలనుకునేవాణ్ణి ఆపేది 25,000 కాదు, ఇవ్వని ఈ ఒక్క లెక్కల కవరు. నోటీసు వస్తే పక్కన పడెయ్యకండి. కారణం చూపించి ఆలస్యంగానైనా లెక్క ఇవ్వండి.

డిపాజిట్ తిరిగి రావాలంటే చెల్లిన ఓట్లలో ఆరోవంతు దాటాలి. పన్నెండు లక్షలు చెల్లితే రెండు లక్షల మీద కనీసం ఒకటి. నోటా ఓట్లు ఈ లెక్కలోకి రావు. కాబట్టి 25,000 తిరిగిరాని ఖర్చు కిందే రాసుకుని దిగండి.

(సభలో ఇంకొకరు: గెలిచాక పార్టీలో చేరొచ్చాండి?)

(నవ్వులు) అడగాల్సిన ప్రశ్నే. చేరకూడదు. పదో షెడ్యూలు ప్రకారం ఇండిపెండెంటుగా గెలిచిన సభ్యుడు తర్వాత ఏ పార్టీలో చేరినా సభ్యత్వం పోతుంది. పార్టీ సభ్యుడికి విలీనం దారైనా ఉంది, మీకు అదీ లేదు. బయటినుంచి మద్దతు ఇవ్వొచ్చు, ఓటు వెయ్యొచ్చు. కండువా మాత్రం కప్పుకోకూడదు.

ఇప్పుడు ఖాళీ ఫారం 26 కాపీలు పంచుతారు. పెన్ను తియ్యకండి, పెన్సిల్‌తో నింపండి. మీ పక్కన కూర్చున్నవాళ్లది మీరు తీసుకుని, ఖాళీ గడి ఎక్కడుందో వెతకండి. అరగంట ఇస్తాను, ఆ తర్వాత భోజనాలు.